ఫ్లడ్‌లైట్లు ఎక్కడ పెట్టారో చూడండి

సంపాదకుడికి,

అయ్యా,

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మా ఊరి కాలువ మీద పాత వంతెన కూల్చి కొత్తది కడుతున్నారు. అప్పటి నుంచి బడి పిల్లల ఆటోలు, వడ్ల ట్రాక్టర్లు తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతున్నాయి. వానకాలం పంటకు నీళ్లు వదిలేలోపు వంతెన అయిపోవాలని రివ్యూ మీటింగులో గట్టిగా చెప్పారట. మర్నాడే ఫ్లడ్‌లైట్లు దిగాయి.

ఒక రాత్రి పదిన్నరకు అటు వెళ్లాను. రెండు వైపులా అప్రోచ్ రోడ్డుకు టిప్పర్లు మట్టి తెచ్చి పోస్తున్నాయి, జేసీబీ సదును చేస్తోంది. డ్రైవర్లకు రాత్రి బత్తా అదనం. స్లాబ్ పోయడానికి కింద ప్లేట్లతో అచ్చు కట్టే సెంట్రింగ్ మేస్త్రీ, ఆయన మనుషులు మాత్రం అబట్‌మెంట్ మీద, అంటే వంతెన చివర స్లాబ్ ఆనే గోడ మీద, ఊరికే కూర్చున్నారు. "మూడు దినాలాయె సార్, ప్లేట్లు రాలె. ఇంకో సైటుకాడ ఇరుక్కున్నయట" అన్నాడు మేస్త్రీ. స్లాబ్ లేని వంతెనకు అప్రోచ్ రోడ్డు ముందే అయి ఏం చేస్తుంది? ఆ మట్టిని కూడా నీళ్లు చల్లి పొర పొరకూ రోలర్ తిప్పలేదు. మొన్నటి వానకు జానెడు కుంగింది. ఇప్పుడు అదే పనికి రెండోసారి కూలి.

వంతెనలో ఒకదాని తర్వాత ఒకటిగా తప్ప చేయలేని పనుల వరుస ఉంటుంది. పునాది, అబట్‌మెంట్లు, సెంట్రింగ్, ఇనుము, స్లాబ్, చివరికి క్యూరింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేలా నీళ్లు కట్టడం. వంతెన ఎప్పుడు తెరుస్తారో ఈ వరుసే చెబుతుంది. ఇంజనీర్లు దీన్ని క్రిటికల్ పాత్ అంటారు. 1957లో అమెరికాలో డ్యూపాంట్ రసాయన కంపెనీ, కంప్యూటర్లు చేసే రెమింగ్టన్ ర్యాండ్ కంపెనీ మనుషులు కలిసి తయారుచేసిన పద్ధతి ఇది. ఏ పనిని ఎన్ని రోజులు తగ్గిస్తే ఎంత ఖర్చవుతుందన్నది మొదటి నుంచీ అందులో ఉన్న లెక్కే. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎప్పటి నుంచో చెబుతున్నారు. సైటుకు వచ్చేసరికి మాత్రం ఏ పని ఎప్పటికి అన్నది గీతలుగా చూపే బార్ చార్టు గోడకు అంటించి మరచిపోతారు.

లెక్క చిన్నదే. ఉదాహరణకు మా వంతెనలాంటి దానికి రోజుకు ఇంత అనుకుందాం. పునాదిని ఒక రోజు ముందుకు జరపాలంటే రెండో పొక్లెయిన్, అదనపు పంపులు కలిపి 10,000 రూపాయలు. అబట్‌మెంట్లకు 6,000. సెంట్రింగ్‌కు ఇంకో ముఠా, ఇంకో సెట్టు ప్లేట్లు తెస్తే 3,000. ముందు సెంట్రింగ్ మీదే పెట్టాలి. పని నడిచిన ప్రతి రోజూ పంపుల అద్దె, కాపలా, తాత్కాలిక దారి, సిబ్బంది జీతాల కింద 4,000 పోతున్నాయనుకుంటే, మూడు వేలు పెట్టి ఒక రోజు తగ్గించడం వల్ల వెయ్యి మిగులుతుంది కూడా. సెంట్రింగ్‌లో ఇక తగ్గించలేమన్నప్పుడే ఆరు వేల పనికి పోవాలి. అప్రోచ్‌కు ఉన్న వెసులుబాటు, అంటే ఆలస్యమైనా వంతెన తేదీ మారని రోజులు, అంతా కరిగిపోయాక మాత్రం దాన్నీ కలిపి తొందర పెట్టాల్సిందే. టిప్పర్లకు రాత్రి బత్తా ఇవ్వాల్సింది అప్పుడు, ఇప్పుడు కాదు.

కొన్ని పనులు డబ్బుకు లొంగవు. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. దానికి నీళ్లు కట్టే రోజులు మీటింగులో టేబుల్ గుద్దితే తగ్గవు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగమూ అంతే. దాదాపు 44 కిలోమీటర్లు, పైన అమ్రాబాద్ పులుల అడవి. మధ్యలో దారి తవ్వి దిగే వీల్లేక అటు దోమలపెంట, ఇటు మన్నెవారిపల్లి, రెండు చివరల నుంచే తవ్వాలి. లోపల ఎంతమందిని పెంచినా తవ్వే చోటు అదే. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. తొందర వల్లే అలా జరిగిందని నేను అనడం లేదు. కానీ "ఫలానా తేదీకల్లా పూర్తి" అన్న ప్రకటన పేపర్లో చదివినప్పుడల్లా, ఏ పనిలో ఎన్ని రోజులు తగ్గించి ఆ తేదీ వేశారో అడగాలనిపిస్తుంది.

రివ్యూ మీటింగుల్లో అధికారులు "పగలూ రాత్రీ చేయండి" అనడం కాస్త తగ్గించి, "తేదీని ఆపుతున్న పని ఏది? దాన్ని ఒక రోజు తగ్గిస్తే ఎంత?" అని అడిగితే బాగుండు. వరుసలో లేని పనికి రాత్రి పని బిల్లు వస్తే ఎందుకని నిలదీయాలి. కాంట్రాక్టరుకు మట్టిపనిలో బిల్లు తొందరగా లేస్తుంది, అందుకే ముందు దాని మీద పడతాడు. ఇది మా శాఖలో అందరికీ తెలిసిన సంగతే, నేనూ నోరు మూసుకున్న రోజులున్నాయి.

ఇదే కాలువ మీద ఎగువన ఇంకో వంతెన ఇప్పుడు పునాదిలో ఉంది. దాని సెంట్రింగ్ ప్లేట్లు ఏ సైటులో ఉన్నాయో ఎవరైనా ఈ వారమే కనుక్కోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
నల్లగొండ జిల్లా