పిల్లల చదువు స్పాన్సర్‌షిప్ గురించి

అందరికీ వందనాలండి. జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు కదా, మన జాలరిపేట సండే స్కూల్ పిల్లల్లో అమ్మానాన్న లేకపోవడంతో అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్లున్నారు, ఆవిడ తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కెళ్లి చేపల తట్ట ఎత్తుకుంటేనే ఇల్లు గడిచేది, మరి మిషన్ స్కూల్ ఫీజు, హాస్టల్ ఖర్చు ఎక్కడ తెస్తుంది చెప్పండి. ఒక పాప బైబిల్‌కి అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకుని తెచ్చుకుంటోంది, వాక్యం మాత్రం తడుముకోకుండా చెప్తుంది. దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించమనే యాకోబు 1:27 వాక్యం మనందరికీ తెలిసిందే. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక బిడ్డ చదువు ఖర్చు తీసుకున్నా చాలు, కానీ మధ్యలో ఆపేయకండి ప్లీజ్, టెన్త్ వరకూ నిలబడాలి. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య స్కీమ్‌లో అర్హులైన పిల్లలకి నెలకి 4000 రూపాయలు వస్తాయి, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అప్లై చేయాలి, కాగితాల పని చూసే తీరిక ఉన్నవాళ్లూ చెప్పండి. ఫీజు నేరుగా స్కూల్లోనే కట్టి రసీదు ఇక్కడ పెడదాం.