నా చెప్పు పట్టుకుని కూర్చున్న బాబాయి గారికి

కుడి చేతికి కట్టు ఉంది. నేను చెప్తుంటే ఫోనే టైపు చేస్తోంది, మధ్యమధ్యలో తనకి తోచింది రాసుకుపోతోంది. తప్పులుంటే సర్దుకోండి. ఇంట్లో వాళ్ళు పడుకోమంటున్నారు. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ఇది చెప్పేస్తేనన్నా పడుతుందేమో.

శుక్రవారం పొద్దున్న ఆరు కాకముందే సైకిల్ మీంచి పడ్డాను. మన విశాఖ బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నా. ఎవరూ గుద్దలేదు. రోడ్డు పక్కన వాన నీళ్ళు పోవడానికి ఇనప జాలీ వేస్తారు కదా, దాని కమ్ములు రోడ్డుకి అడ్డంగా ఉండాలి. అక్కడ బండి వెళ్ళే వైపుకే నిలువుగా వేశారు. కారు టైరుకి ఆ తేడా తెలీదు. నా ముందు చక్రం మాత్రం రెండు కమ్ముల మధ్య సందులోకి కొలత తీసి చేయించినట్టు దిగిపోయింది. చక్రం ఆగింది, నేను ఆగలేదు. పడేవాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను, చెయ్యి చాచాను. మణికట్టు ఎముక విరిగింది.

వాకింగ్‌కి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. పాపం మంచివాళ్ళే. కానీ నన్ను లేపకముందే ఒకాయన "ఈ వయసులో సైకిలేంటమ్మా?" అన్నారు. ఇంకొకావిడ అదే మాట. నా వయసు నలభై ఆరు. అది నేను ఎవరికీ చెప్పలేదు, చూస్తే తెలిసిపోతోందన్నమాట.

అప్పుడొచ్చారు ఈయన. అరవై దాటి ఉంటాయి. పాత నల్ల సైకిల్, వెనక క్యారేజీ మీద పాల ప్యాకెట్ల ట్రే, హ్యాండిల్‌కి అటో సంచి ఇటో సంచి. సైకిల్ స్టాండ్ వేసి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నారు. "సెయ్యి కదపకు తల్లీ, అలగే ఉంచు" అన్నారు. మెడలో తువ్వాలు తీసి చేతిని గుండెకి ఆనించి కట్టారు. తర్వాత నా సైకిల్ వైపు చూసి, "రిమ్ము వంకరపోనాది, పుల్లలు మూడు ఎగిరిపోనాయి. పరవాలేదు, బెండు తీయించీవచ్చు" అన్నారు. నొప్పిలో కూడా నాకు ఆ మాట వినిపించింది. అంతమందిలో సైకిల్‌కి ఏమైందో చూసింది ఈయన ఒక్కరే.

ఆయన పేరు రాయొద్దన్నారు, రాయను.

పాల సంచులు పక్కనున్న టీ బండి దగ్గర పెట్టేసి నాతో ఆటో ఎక్కారు. నేను వద్దన్నాను, మా ఆయన వచ్చేస్తారు అన్నాను. "వచ్చినాక ఎల్లిపోతాన్లే" అన్నారు. మా ఆయన ఫోన్ ఎత్తలేదు. ఎప్పుడెత్తారు గనక.

ఆసుపత్రి పేరు చెప్పను. క్యాజువాలిటీలో రెండు గంటల నలభై నిమిషాలు బెంచీ మీద కూర్చున్నాను. ముందు చీటీ రాయించుకురమ్మన్నారు. చీటీ రాసే ఆయన "ఏ బండి గుద్దింది?" అన్నారు. ఏదీ గుద్దలేదండీ, జాలీలో పడ్డాను అన్నాను. "రోడ్డు ప్రమాదం కాబట్టి ఇది ఎమ్మెల్సీ కేసు, గుద్దిన వాహనం రాయాలి." నాకు తెలిసిన ఎమ్మెల్సీ శాసనమండలిలో ఉంటారు. ఇది పోలీసులకి తెలియజేయాల్సిన కేసట. పోనీ జాలీ అని రాయండి అన్నాను. ఆ గడిలో వాహనమే రాయాలట. చివరికి 'స్వయంగా పడుట' అని రాశారు. నేను స్వయంగా పడ్డానా? కమ్ములు నిలువుగా వేసినవాళ్ళకి ఆ గడిలో ఎక్కడా చోటు లేదు. సైకిల్ వాళ్ళ కోసం పక్కన గీత గీసి బొమ్మ వేస్తారు, ఆ బొమ్మ మీద కార్లు పెడతారు, కార్లని తప్పించుకుంటూ మేం ఈ జాలీల మీదకి వస్తాం. సరే, ఇది కృతజ్ఞతలు చెప్పుకునే చోటు. ఆపేస్తాను.

నొప్పికి కళ్ళు తిరుగుతుంటే ఆయన నన్ను మాటల్లో పెట్టారు. "ఎప్పుడు నేర్సినావమ్మా సైకిలు?" అన్నారు.

చెప్పాను. చిన్నప్పుడు మా అన్నయ్యకి కొన్నారు. నన్ను ఎక్కనివ్వలేదు, ఆడపిల్లవి, పడితే ఎవరు చూస్తారు అన్నారు. నేను దాన్ని తుడిచేదాన్ని. కిందటేడు మా అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళిపోయాక వాడి గేర్ల సైకిల్ బాల్కనీలో మిగిలింది. మన ఊరి ఉప్పుగాలికి చైన్ ఎర్రగా తుప్పు పట్టేసింది. అమ్మేద్దాం అని ఫొటో తీయబోయి, ఊరికే చైన్‌కి నూనె వేసి చేత్తో పెడల్ తిప్పాను. వెనక చక్రం టకటకమంటూ ఎంతసేపు తిరిగిందో! అమ్మబుద్ధి కాలేదు.

వాడే ఫోన్లో నేర్పాడు. పెడళ్ళు విప్పేసి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేలా సీటు దించి, కూర్చుని నడిచినట్టు తోసుకోమన్నాడు. పెడళ్ళు విప్పడానికే ఒక ఆదివారం పోయింది. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుందని మా ఆయనకి తెలీదు, విప్పుతున్నాననుకుని గంటసేపు బిగించారు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో రాత్రి పది దాటాక, ఎవరూ చూడకుండా తోసుకునేదాన్ని. ఎటు ఒరిగిపోతుంటే అటే హ్యాండిల్ తిప్పాలట. నా ఒళ్ళేమో ఎదురు వైపుకే తిప్పేది. తొమ్మిదో రోజు వాలు మీద రెండు కాళ్ళూ పైకెత్తి ఉంచాను. రెండు పిల్లర్లు దాటాను. మూడో పిల్లర్ దాటాను. చప్పుడు లేదు, కుదుపు లేదు. అంతవరకూ నా అడుగుల చప్పుడు వినిపించేది కదా, అది ఆగిపోయింది. అంతే, అక్కడే పడిపోయాను నేను. సైకిల్ మీంచి కాదు.

తర్వాత బీచ్ రోడ్డు. తెల్లవారుజామున కురుసుర సబ్‌మెరైన్ ముందు బళ్ళు ఆపేసిన టైములో తొక్కితే రోడ్డంతా మనదే. ఎండాకాలంలో ఓసారి రుషికొండ దాకా వెళ్ళి, అబ్బ ఎంత బలం వచ్చేసింది నాకు అనుకున్నా. వెనక్కి తిరిగాక తెలిసింది అదంతా గాలి పుణ్యం అని. నైరుతి గాలి భీమిలి వైపు వీపు మీద చెయ్యేసి తోస్తుంది, ఊళ్ళోకి వచ్చేటప్పుడు రొమ్ము మీద చెయ్యేసి ఆపుతుంది. ఇది చెప్తే ఆయన బెంచీ చరిచి నవ్వారు. "ఆ గాలితో నాకు రోజూ తగువే" అన్నారు.

ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె. గంటకి పావలా అద్దె సైకిల్. షాపువాడు పలక మీద సుద్దముక్కతో టైము వేసేవాడట. కాళ్ళు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ, చెరువు గట్టు దిగుతుంటే బ్రేక్ సంగతి గుర్తు రాక సైకిల్‌తో సహా చెరువులోకి. బయటికి తీసి ఆరబెట్టేసరికి ఇంకో గంట. రెండు గంటల అద్దె. "నాన్న కొట్టినాడు. కొడతా ఉంటే కూడా నాకు గట్టు దిగిందే గేపకం" అన్నారు. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబరు, రోడ్ల మీద చెట్లు పడిపోయి బళ్ళు కదల్లేదు గుర్తుందా? అప్పుడు ఈయన పడిపోయిన చెట్టు దగ్గరల్లా సైకిల్ భుజానికెత్తుకుని దాటి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి పాలు వేశారట. "ఆ వారం నేను దాన్ని మోసినాను, మిగతా రోజులన్నీ అది నన్ను మోస్తంది" అన్నారు.

మా మాటలు వింటున్న నర్సమ్మాయి కట్టు సామాను సర్దుతూ సర్దుతూ, తనకి తొమ్మిదో తరగతిలో బడికొస్తా పథకం కింద ఇచ్చిన సైకిలే మొదటిదని చెప్పింది. ఊళ్ళో ఆడపిల్లలందరూ వరసగా వెళ్తుంటే మగపిల్లలు పక్కకి తప్పుకునేవాళ్ళట. స్ట్రెచర్ తోసే అబ్బాయి కూడా ఏదో మొదలుపెట్టాడు కానీ ఈలోగా నన్ను లోపలికి పిలిచారు.

ఎముక లాగి సరిచేసినప్పుడు అరిచాను, ఏడవలేదు. వాపు తగ్గేదాకా సగం కట్టు, వారం తర్వాత పూర్తి పిండి కట్టు, మొత్తం ఆరు వారాలు అన్నారు. దానికీ ఏడవలేదు. బయటికి వచ్చేసరికి ఆయన అదే బెంచీ మీద ఉన్నారు. చేతిలో నా ఎడమకాలి చెప్పు. పడ్డప్పుడు ఊడిపోయిందని నేను గమనించనే లేదు, ఒంటికాలి చెప్పుతో ఆసుపత్రంతా తిరిగాను. ఆయన దాన్ని రోడ్డు మీంచి తీసి, అంతసేపూ చేత్తో పట్టుకుని కూర్చున్నారు. తన పక్కన బెంచీ మీద కూడా పెట్టలేదు. వంగి నా కాలి దగ్గర పెట్టారు. వద్దు బాబాయి గారూ అని కాలు వెనక్కి లాక్కున్నా. "వంగితే సెయ్యి నొప్పెడతాది, పెట్టుకో" అన్నారు. అప్పుడు ఏడుపు ఆగలేదు. అక్కడున్న వాళ్ళంతా ఎముక నొప్పి అనుకుని ఉంటారు.

అప్పటికి ఎండెక్కింది. టీ బండి దగ్గర పెట్టిన పాలు ఏమయ్యాయో నాకు తెలుసు. ఎన్ని ప్యాకెట్లు బాబాయి గారూ, డబ్బులిస్తాను అన్నాను. చెప్పలేదు. వెళ్ళబోతూ ఆయన అడిగింది ఒక్కటే.

"మళ్ళీ ఎప్పుడెక్కుతావు?"

ఈ మూడు రోజుల్లో నన్ను చూడడానికి వచ్చినవాళ్ళు పాతికమంది ఉంటారు. ఇంకెక్కకు అన్నవాళ్ళు ఉన్నారు, సైకిల్ అమ్మేయండి అని మా ఆయనకి చెప్పినవాళ్ళు ఉన్నారు, పూర్ణా మార్కెట్ నుంచి సంచీడు బత్తాయిలు తెచ్చి మరీ తిట్టినవాళ్ళు ఉన్నారు. ఎప్పుడెక్కుతావు అని ఇంకెవరూ అడగలేదు.

నిన్న సాయంత్రం సైకిల్ ఇంటికి వచ్చింది. తొక్కితే రిమ్ము మళ్ళీ పాడవుతుందని బాబాయి గారే కంచరపాలెం నుంచి చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చారట. నేను నిద్రమాత్ర మత్తులో ఉన్నాను, వాచ్‌మన్‌కి అప్పగించి వెళ్ళిపోయారు. బెండు తీయించారు. మూడు పుల్లలూ కొత్తవి. చైన్‌కి నూనె కూడా. డబ్బులు తీసుకోలేదు, నంబరు ఇవ్వలేదు. బాబాయి గారూ, మీకు ఫోన్లో ఇవి చదివే అలవాటు లేదని మీరే చెప్పారు. మీ మనవరాలు చదివి వినిపిస్తుందేమో అని రాస్తున్నాను. ఆరు వారాలు ఆగండి. మీ పాల లైన్ ఎటు వెళ్తుందో టీ బండి ఆయన్ని అడిగి తెలుసుకుంటాను.

మా ఆయన మూడు రోజులుగా వంట చేస్తున్నారు, అబ్బాయి రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చాడు, మా ఆడపడుచు జడ వేస్తోంది. వాళ్ళకి ఇంట్లోనే చెప్తాను.

అయ్యో, ఆటో అబ్బాయిని మర్చిపోయాను. డబ్బులు తీసుకోలేదు, గోతులన్నీ తప్పించి నడిపాడు. టీ బండి ఆయన సంచులకి కాపలా ఉన్నందుకు. ఎక్స్‌రే తీసిన అమ్మాయి, నా గాజు కోయకుండా సబ్బు రాసి తీసినందుకు, అది మా అమ్మది. కళ్ళజోడు ఏరి తెచ్చిన కుర్రాడు, ఒక అద్దం పగిలింది గానీ రెండోది బాగుంది. స్ట్రెచర్ బాబూ, నీ సైకిల్ కథ సగంలో ఆగిపోయింది, పిండి కట్టుకి వచ్చినప్పుడు వింటాను.

ఇంకా ఒకరు. పడ్డ వెంటనే నీళ్ళు తాగించిన అమ్మాయీ, జాగింగ్ బట్టల్లో ఉన్నావు, పేరు తెలీదు. నీ ఆకుపచ్చ బాటిల్ నా సంచీలో వచ్చేసింది. రేపు పొద్దున్న ఆరింటికి కాళీమాత గుడి ఎదురుగా మా ఆయన దాన్ని పట్టుకుని నిలబడతారు. బట్టతల, నీలం టీషర్టు. ఆయన నిన్ను గుర్తుపట్టలేరు, నువ్వే వచ్చి అడుగు.