తడవని బస్తాలు

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

వినాయక చవితికి నువ్వు రాసిన ఉత్తరానికి నాగుల చవితి కూడా దాటాక జవాబిస్తున్నాను. నీకు కోపం రావడం న్యాయమే. ఫోన్ చేద్దామని నాలుగుసార్లు అనుకున్నాను గానీ, ఇది ఫోన్‌లో తెమిలే సంగతి కాదు. మధ్యలో నీకు మీటింగ్ వస్తుంది, నేను సగంలో ఆపాలి. అందుకే టీ పెట్టుకుని తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు ఇంటి కబుర్లు. అమ్మ మోకాలు కొంచెం నయం. చెల్లికి మళ్ళీ అబ్బాయే. సిరిమానుకి విజయనగరం వెళ్ళాను, నీ తరఫున కూడా పైడితల్లికి దండం పెట్టాను. నువ్వడిగిన పొందూరు పంచె కొని ఉంచాను, బెంగళూరు వచ్చేవాళ్ళు దొరికితే పంపిస్తాను. ఇక అసలు సంగతి.

బీమా సర్వేయరు లైసెన్సు వచ్చింది రా! ఆగస్టులోనే. మా గురువుగారి దగ్గర పన్నెండు నెలల ట్రైనింగ్, పరీక్ష, ఆ తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కాగితాల కోసం ఎదురుచూపు, అన్నీ అయ్యాయి. కార్డు మీద 'సర్వేయర్ అండ్ లాస్ అసెసర్' అని ఉండేసరికి నాన్న నన్ను భూములు కొలిచే సర్వేయరనుకుని ఊరంతా చెప్పేశారు. ఇద్దరు గట్టు తగాదా పట్టుకుని ఇంటికే వచ్చేశారు! నీకైనా సరిగ్గా చెబుతాను. మోటార్‌లో 50,000, మిగతా బీమాల్లో లక్ష, లేదా ఆ పైన నష్టమైతే లైసెన్సున్న సర్వేయరు చూసి లెక్క కట్టాలి. ఫీజు ఇచ్చేది కంపెనీయే, కానీ మనం కంపెనీ మనిషీ కాదు, పాలసీదారు మనిషీ కాదు. ఈ మాట పరీక్షలో రాసినప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు గురించే ఈ ఉత్తరం.

మొదటి రెండు నెలలు పని లేదు. శ్రీకాకుళం, విజయనగరం ఆఫీసులన్నీ తిరిగాను. కార్డు ఇవ్వడం, కుర్చీలో కూర్చోవడం, "చూద్దాం" అనిపించుకోవడం. తర్వాత బళ్ళ సర్వేలు వచ్చాయి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి పాతబడినందుకు సగం తరుగు కోస్తారు, అద్దానికి తరుగు లేదు, ఇనుపదానికి బండి వయసును బట్టి. బంపరు మొత్తం డబ్బు రాదంటే నామీద కేకలు. అదంతా ఇంకోసారి రాస్తాను.

అక్టోబరులో ఒక రాత్రి గాలీవానా వచ్చింది. తుఫానేమీ కాదు, పేపర్లో కూడా సరిగ్గా పడలేదు. మర్నాడు ఫోన్. పలాసలో జీడి ఫ్యాక్టరీ, గోడౌన్ మీద రేకులు ఎగిరిపోయాయి, తొక్క తీయని జీడిపిక్కలు తడిశాయి, వెంటనే వెళ్ళండి అన్నారు. నా మొదటి ఫైర్ సర్వే అది. నిప్పు లేకపోయినా ఫైరే అంటారు, గాలివాన నష్టం కూడా ఆ పాలసీలోకే వస్తుంది. గురువుగారు పక్కన లేరు. బండి తీసి నరసన్నపేట, టెక్కలి దాటుతుంటే దారంతా తిత్లీయే గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11. ఆ రాత్రి మీ ఇంటి మంచం కింద మనిద్దరం, పొద్దున్న లేచేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు పడుకుని. మీ తాత అప్పుడన్న మాట... సరే వదిలేయ్.

గోడౌన్‌లో దక్షిణం వైపు రేకులు లేవు, ఆకాశం కనబడుతోంది. నెట్లు కట్టిన, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన బస్తాలు, ఒక్కోటి 80 కేజీలు. ఆ వైపువన్నీ నల్లగా నాని ఉన్నాయి. యజమాని పెద్దాయన. నన్ను చూసి "బాబూ, నువ్వేనా వచ్చింది?" అన్నారు. నా వయసు చూసి ఆయనకి దిగులేసిందో, నమ్మకం కలిగిందో తెలీలేదు. తడిసినవి విడదీయించాను, కళాసీలు మోశారు, కాటా వేయించాను, ఫోటోలు తీశాను. 90 బస్తాలు. వెంటనే ఎండబెట్టించండి, లేకపోతే పప్పుకి మచ్చలొస్తాయి, నష్టం పెరగనివ్వకూడదని చెప్పాను. కొనుగోలు బిల్లులు, ఆ రోజు మార్కెట్ ధర చూస్తే బస్తా 12,000. తడిసినవాటికి ముగ్గురు వ్యాపారుల దగ్గర ధర అడిగించాను, ఎక్కువ చెప్పినవాడు 5,000 అన్నాడు. అంటే బస్తాకి 7,000 నష్టం, మొత్తం 6,30,000. ఇంత తేలికా అనుకున్నాను!

తిరుగు ప్రయాణంలో కాశీబుగ్గ దాటాక చూస్తే హ్యాండిల్‌కి సంచి వేలాడుతోంది. అందులో జీడిపప్పు ప్యాకెట్లు, రెండు కేజీలైనా ఉంటుంది. ఎవరు తగిలించారో తెలీదు. వెనక్కి వెళ్ళి ఇచ్చేశాను. పెద్దాయన మొహం మాడిపోయింది. "మా పంటే కదా బాబూ, పిల్లలకని..." అన్నారు. ఆ మొహం చూడలేకపోయాను రా. ఆయన లంచం అనుకోలేదు, మన ఊళ్ళో ఇంటికొచ్చినవాణ్ణి ఖాళీ చేతుల్తో పంపరు కదా. అయినా తీసుకోకూడదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

గురువుగారికి ఫోన్‌లో లెక్కంతా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు. "తడవని బస్తాలు ఎన్ని?"

నేను లెక్కపెట్టలేదు!

తడవనివాటితో మనకేం పని అని నీకూ అనిపిస్తుంది. ఇక్కడే ఉంది తిరకాసు. ఆయన పాలసీ 20 లక్షలకి. గోడౌన్‌లో సరుకు అంతకన్నా ఎక్కువ విలువైనదైతే, తక్కువకి బీమా చేసినట్టు లెక్క. అప్పుడు నష్టం మొత్తం ఇవ్వరు, ఎంత నిష్పత్తిలో బీమా చేస్తే అంతే ఇస్తారు. దాన్ని యావరేజ్ అంటారు. అయితే ఆయనది భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న యూనిట్లకి వచ్చిన పాలసీ. అందులో 15 శాతం లోపు తేడాని వదిలేస్తారు. దాటితే యావరేజ్ పడుతుంది.

స్టాకు పుస్తకంలో ఎన్నున్నాయో తెలుసా? 243 బస్తాలు. 29,16,000 రూపాయల సరుకు. 20 లక్షల పాలసీ అందులో 68 శాతం చిల్లర. అంటే 6,30,000 కాస్తా 4,32,000 అవుతుంది. రెండు లక్షలు ఎగిరిపోతాయి. ఆ రేకుల్లాగే.

మర్నాడు మళ్ళీ పలాస. ఈసారి పెద్దాయన బావమరిది ఎదురొచ్చి, "243 ఉన్నాయి సార్, పుస్తకం చూడండి, ఒక్క బస్తా తక్కువ రాయొద్దు" అని ఒకటే గొడవ. సరుకు ఎక్కువ చూపిస్తే డబ్బు ఎక్కువొస్తుందని ఆయన నమ్మకం. తన చేత్తో తన బావ గొంతు తనే కోస్తున్నాడని ఎలా చెప్పను? చెప్పకూడదు కూడా. ముందే ఈ లెక్క చెప్పేస్తే బస్తాలు మాయమైపోవచ్చు. నోరు మూసుకుని కళాసీలతో నెట్లన్నీ విప్పించాను. గంటన్నర పట్టింది. ఆరినవి 103. తడిసినవి 90. మొత్తం 193.

50 బస్తాలు లేవు.

బావమరిది అరుపులు ఆగిపోయాయి. గుమాస్తా తలొంచుకున్నాడు. నా గుండె దడదడలాడింది. ఎవరో దొంగతనం చేశారా, లేని సరుకు పుస్తకంలో రాశారా, నేను ఫ్రాడ్ అని రాయాలా? మొదటి కేసులోనే? అక్కడ పిక్కలు కొట్టే ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, వేళ్ళన్నీ జీడినూనెకి నల్లబడి. వాళ్ళలో ఒక ముసలామె తలెత్తకుండానే అంది. "ఏటి బాబూ ఎతుకుతన్నావు? మొన్న సోమారం యాబై బస్తాలు రోడ్డవతల షెడ్డుకి ఎల్లిపోనాయి కదా. మేమే కొడతన్నాం."

ఆ ఒక్క మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది, నమ్ము.

కానీ మాట మీద రిపోర్టు రాయలేం. పైగా ఈ మాట పెద్దాయనకే లాభం. రేపు కంపెనీవాళ్ళు "కొత్త సర్వేయరు, కుమ్మక్కయ్యాడు" అంటే? అందుకని రోడ్డు దాటి ఆ షెడ్డుకి వెళ్ళాను. డోర్ నంబరు వేరు, పాలసీలో లేదు. అక్కడ 31 బస్తాలు కుట్టు విప్పకుండా ఉన్నాయి. మిగతా 19 బస్తాల పిక్కలు కొట్టేశారు. కొట్టిన పప్పు తూచాను, తొక్కల కుప్ప ఫోటో తీశాను, ఆడవాళ్ళ కూలి పుస్తకం అడిగాను. సోమవారం నుంచి గురువారం దాకా రోజువారీ కిలోలు, పక్కన వేలిముద్రలు. నాలుగు రోజులూ కూడితే తూచిన పప్పుతో సరిపోయింది. గుమాస్తా గోడౌన్ నుంచి సరుకు పంపిన చీటీ కూడా తీశాడు, పుస్తకంలోకి ఎక్కించడం మర్చిపోయాడంతే. తిడతారని భయపడి చెప్పలేదు.

ఇప్పుడు లెక్క చూడు. నష్టం జరిగిన రాత్రి గోడౌన్‌లో ఉన్నవి 193. 23,16,000. తేడా పదమూడున్నర శాతం చిల్లర. పదిహేను లోపే! యావరేజ్ పడదు. ఇంకో నాలుగు బస్తాలుంటే పడేది. నాలుగంటే నాలుగే రా! సాయంత్రం బండి మీద వస్తూ టెక్కలి దగ్గర ఆపి, రోడ్డు పక్కన కూర్చుని ఇంకోసారి గుణించాను. ఆ పుస్తకాన్నే నమ్మి రాత్రికి రాత్రి రిపోర్టు పంపేసి ఉంటే ఆ పెద్దాయనకి రెండు లక్షలు నా పెన్ను వల్ల పోయేవి, పైగా అంతా రూలు ప్రకారమే ఉండేది, ఎవరూ నన్నేమీ అనేవారు కాదు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

రిపోర్టులో చీటీ, కూలి పుస్తకం పేజీలు, ఫోటోలు అన్నీ జతచేసి, ఎక్సెస్, అంటే పాలసీదారు తనే భరించాల్సిన భాగం, తీసేసి ఇచ్చాను. నాది సిఫారసే, తేల్చేది కంపెనీ. వాళ్ళు ఫోన్‌లో గంటసేపు ప్రశ్నలడిగారు. అన్నిటికీ కాగితం చూపించాను. మొన్న శుక్రవారం ఒప్పుకున్నారు. పెద్దాయన ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా కాసేపలా ఉండిపోయారు. తర్వాత, "పప్పు వద్దన్నావు, కనీసం మా ఇంట్లో భోజనం చెయ్యవా?" అన్నారు. కేసు ఫైలు మూసేశాక వస్తానన్నాను. వెళ్ళొచ్చా? గురువుగారు ఏడాది ఆగమంటారు. నాకేమో... నువ్వేమంటావు, రాయి.

ఇంకా నా ఫీజు రాలేదు, అది వేరే కథ. అదీ కాక ఆ ముసలామె పేరు కూడా అడగలేదు నేను. ఆవిడ రోజంతా కొట్టినా వచ్చే కూలి చూశాను ఆ పుస్తకంలో, దాని గురించి నీకు రాయాలనే

ఫోన్ వచ్చింది. రణస్థలం దగ్గర హైవే మీద లారీ బోల్తా, సరుకు రోడ్డు మీద ఉందట, జనం ఎత్తుకెళ్ళేలోపు వెళ్ళాలి. డ్రైవరుకి ఏమీ కాలేదట. ఇది పొద్దున్నే పోస్టులో వేయమని చెల్లికి ఇస్తున్నాను. ఆ రాత్రి మీ తాత అన్న మాట నీకు గుర్తుంటే రాయి, నాకు సగమే గుర్తుంది.

నీ
బావ