టీవీ కామెడీకీ సమీక్ష రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

టీవీ కామెడీ షోలన్నీ ఆపేయాలని కొందరు గట్టిగా అంటుంటారు. నేను ఆ పక్షం కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పగలంతా పిల్లలతో గొంతు పోయాక, రాత్రి కాసేపు టీవీ ముందు కూర్చుని హాయిగా నవ్వుకోవడం నాకు ఇష్టం. 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలయ్యాక, అప్పటిదాకా మిమిక్రీ చేసుకుంటూ, సినిమా ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉన్న ఎంతోమంది కుర్రాళ్లకు నాలుగు డబ్బులు దొరికాయి, పేరొచ్చింది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. నా బాధల్లా స్కిట్లు రాసే తీరు గురించే.

ఇప్పుడు ఏ చానెల్ తిప్పినా చాలా స్కిట్లు ఒకే దారిలో నడుస్తున్నాయి. లేడీ గెటప్‌లో ఉన్న నటుడి రంగు మీద ఒక పంచ్, లావు మీద ఇంకోటి. తర్వాత పొట్టివాడి వంతు, బట్టతల వంతు, నత్తి వంతు. పంచ్ పడగానే కెమెరా జడ్జి మీదికి వెళ్తుంది. జడ్జి బల్ల చరుస్తూ పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వే షాట్ పంచ్ కంటే ఎక్కువసేపు ఉంటుంది. ఇది నవ్వాల్సిన మాటేనని చూసేవాళ్లకు చెప్పేది ఆ షాటే.

మా పిల్లలు ఈ ఏర్పాటు మొత్తం నేర్చేసుకున్నారు. మధ్యాహ్న భోజనం అయ్యాక, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన సిమెంటు అరుగు మీద ఇద్దరు జడ్జిలుగా కూర్చుంటారు. ఒకడు స్కిట్ లీడర్. ఎవరి మీద పంచ్ వెయ్యాలో వాళ్లే చూసుకుంటారు. ఎనిమిదో తరగతిలో ఒక బాబుకి కాస్త నత్తి. పాఠం చదవడమంటే వాడికి ప్రాణం. 'మేడమ్ నేను, మేడమ్ నేను' అంటూ చెయ్యెత్తేవాడు. వాడి మాటను టీవీ నటుడి యాసలో వెక్కిరించడం, అరుగు మీది 'జడ్జిలు' పొట్ట పట్టుకుని నవ్వడం మొదలయ్యాక వాడు చెయ్యెత్తడం మానేశాడు. లేపి చదవమంటే గొంతు నొప్పి అంటాడు. వెక్కిరించిన పిల్లల్ని పిలిచి అడిగాను. వాళ్లేమీ చెడ్డ పిల్లలు కారు. 'టీవీలో అంటే అందరూ నవ్వుతారు కదా మేడమ్' అన్నారు. ఆ మాటకు నేను చెప్పగలిగే జవాబు పిల్లలకు ఎంతవరకు ఎక్కుతుంది? రాత్రికి ఇంట్లో అమ్మానాన్నలూ అదే స్కిట్ చూసి నవ్వుతుంటే!

జనానికి ఇదే కావాలి, రేటింగ్ కోసం తప్పదు అంటారు. నేను ఒప్పుకోను. దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి 'ఆనందో బ్రహ్మ' జనం చూడలేదా? 2001 నుంచి 2007 దాకా జెమినిలో వచ్చిన 'అమృతం' సీరియల్ సంగతి చూడండి. అద్దె ఇల్లు, ఇంటి ఓనర్ అప్పాజీ, అంతంతమాత్రంగా నడిచే అమృత విలాస్ హోటల్. తేలిగ్గా డబ్బో పేరో కొట్టేద్దామని అమృతం ఏదో పథకం వేస్తాడు, వద్దువద్దంటున్న స్నేహితుడు ఆంజనేయుల్ని కూడా లాగుతాడు, అది బెడిసికొడుతుంది. మనం నవ్వేది అతని ఆశను చూసి. ఆ ఆశ మనందరికీ ఉన్నదే కాబట్టి ఇంకాస్త నవ్వొస్తుంది. ఇంకో సంగతి. అమృతం వేషం శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. మనిషి మారినా పాత్ర నిలబడింది. నవ్వు నటుడి ఒడ్డూపొడుగులో కాకుండా రాతలో ఉంది కనుకే అది సాధ్యమైంది. ఒక ఎపిసోడ్ మా క్లాసులో స్క్రీన్ మీద వేశాను. అది వచ్చే రోజులకు పుట్టని పిల్లలు కూడా బెంచీలు చరుస్తూ నవ్వారు.

చట్టం ఊరుకోలేదు. పిల్లలకు తగని కార్యక్రమాలను వాళ్లు ఎక్కువగా టీవీ చూసే వేళల్లో వెయ్యకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవాళ్లను కించపరిచే హాస్యం వేరు అని 2024 జులైలో ఒక సినిమా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేబుల్ టీవీ నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం ప్రేక్షకులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో అందినట్టు చానెల్ తెలియజేయాలి, 15 రోజుల్లో తేల్చాలి. మా స్కూల్ పేరెంట్స్ మీటింగ్‌లో ఈ సంగతి చెప్తే ఒక్కరికి కూడా తెలియదు.

అందుకే మీకు ఈ ఉత్తరం. శుక్రవారం సినిమా విడుదలైతే సాయంత్రానికల్లా మీ సమీక్ష, రేటింగ్ వచ్చేస్తాయి. కథ ఎలా ఉంది, డైలాగులు ఎవరు రాశారు, ఎక్కడ హద్దు దాటారు అన్నీ రాస్తారు. టికెట్ కొనుక్కుని వెళ్లేవాళ్ల కోసం ఇంత శ్రమ పడతారు కదా, ప్రతివారం ఇంట్లోకే వచ్చే కామెడీ షోకి ఒక్క పేరా సమీక్ష అయినా ఎందుకు ఉండకూడదు? ప్రోమోలో ఎవరు ఏడ్చారో, ఎవరి పెళ్లి కబుర్లు నడుస్తున్నాయో రాసే చోటే ఇందుకు చాలు. బాగా రాసిన స్కిట్ ఉంటే రాసినవాళ్ల పేరు వేసి మెచ్చుకోండి. తెర వెనక కూర్చుని రాసేవాళ్లకు అది ఎంతో బలం. మనిషి ఒంటిని, మాటను వెక్కిరిస్తే ఆ ముక్క కూడా మొహమాటం లేకుండా రాయండి. దాని కింద ఆ చానెల్‌కు ఫిర్యాదు పంపే ఈమెయిల్ వేస్తే, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అందరితోనూ రాయించుకునే పని నేను చూసుకుంటాను.

– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా