మా ప్రోబులు వేడిని ఎక్కువ చూపించాయి

మా దగ్గర లాంగ్‌మ్యూర్ ప్రోబులు (ప్లాస్మాలో పెట్టి కొలిచే సన్నటి పరికరాలు) కొన్నవాళ్లందరికీ,

సూటిగా చెప్పేస్తాను. మోడల్ పేరు చివర ‘బి’ ఉన్న ప్రోబులు ప్లాస్మాలో, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన గ్యాస్‌లో, ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రతను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయి. తప్పు మాదే.

ఒక కస్టమర్ చిప్‌లు చెక్కే తన ఎచింగ్ ఛాంబర్‌లో ఆర్గాన్ నింపి పరీక్షిస్తూ ఫోన్ చేశారు: “పవర్ పెంచినకొద్దీ ఉష్ణోగ్రత కూడా పెరుగుతోందేంటండీ?” నాకు గుండె జారింది. అలాంటి ప్లాస్మాలో పవర్ పెంచితే పెరగాల్సింది సాంద్రత, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు ఎంత దట్టంగా ఉన్నాయన్నది. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను ముఖ్యంగా గ్యాస్ ఒత్తిడి, ఛాంబర్ సైజు నిర్ణయిస్తాయి. 3 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాల్సిన చోట మా ప్రోబు 6 చూపించింది. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే దాదాపు 11,600 కెల్విన్. అంటే 35 వేల డిగ్రీలు ఉత్తినే కలిపేశాం! (అంత వేడికి ఛాంబర్ కరగదా అని మా అమ్మ అడుగుతుంది. వేడంతా ఎలక్ట్రాన్లదే, గ్యాస్ దానితో పోలిస్తే చల్లగానే ఉంటుంది.)

ప్రోబు కొన వెనకాల చిన్న కాయిల్స్ ఉంటాయి. ప్లాస్మాను నడిపే 13.56 మెగాహెర్ట్జ్ సిగ్నల్ కొలతలో కలవకుండా అడ్డుకోవడం వాటి పని. వాటిని మేం బల్ల మీద, గది వేడిలోనే ట్యూన్ చేసి ప్యాక్ చేశాం. ఛాంబర్‌లో వేడెక్కగానే ట్యూనింగ్ పక్కకు జరిగింది. దాంతో కరెంటు–వోల్టేజీ గ్రాఫులో నిటారుగా లేవాల్సిన భాగం వాలిపోయింది. ఉష్ణోగ్రత లెక్కగట్టేది ఆ వాలు నుంచే. సాంద్రత కూడా దెబ్బతింది: అయాన్ కరెంటు నుంచి దాన్ని లెక్కించేటప్పుడు ఉష్ణోగ్రత వర్గమూలంతో భాగిస్తాం కాబట్టి, ఉష్ణోగ్రత రెట్టింపైతే సాంద్రత దాదాపు 30 శాతం తక్కువ వస్తుంది.

గ్యాస్ అణువులు ఎంత విడిపోతాయో ఉష్ణోగ్రత చెబుతుంది, వేఫర్ (చిప్‌లు చెక్కే పలుచటి సిలికాన్ పలక) మీద ఎన్ని అయాన్లు పడతాయో సాంద్రత చెబుతుంది. ఆ కస్టమర్ మా అంకె నమ్మి, ఉష్ణోగ్రత దించాలని ఒత్తిడి పెంచారు. అయాన్లు దారిలో గుద్దుకుని చెదిరాయి, నిలువుగా చెక్కాల్సిన గోడలు ఏటవాలుగా వచ్చాయి. ఆ వేఫర్లు చూశాక నిద్రపట్టలేదు.

1968లో మాస్కోలోని టీ-3 టోకమాక్‌లో (ప్లాస్మాను అయస్కాంతాలతో బంధించే ఫ్యూజన్ యంత్రంలో) కోటి డిగ్రీలు వచ్చాయంటే చాలామంది నమ్మలేదు. 1969లో బ్రిటిష్ బృందం లేజర్ పట్టుకెళ్లి స్వయంగా కొలిచాకే నమ్మారు. ఆ కథ నేను చాలామందికి చెప్పాను, నా ప్రోబుల్ని మాత్రం రెండో పద్ధతిలో సరిచూడలేదు. ఇకపై కాయిల్స్‌ను వేడి చేసి ట్యూన్ చేస్తాం, సాంద్రతను మైక్రోవేవ్ పద్ధతితోనూ పోల్చి చూస్తాం.

మీ ప్రోబు సంగతి తేల్చుకోవాలంటే ఒత్తిడి కదపకుండా పవర్ రెట్టింపు చేయండి. ఉష్ణోగ్రత బాగా పెరిగితే కొన భాగం విప్పి పంపండి, ఉచితంగా మారుస్తాం. పాత రీడింగులను ఏదో ఒక అంకెతో గుణించి సరిచేయొచ్చా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. కుదరదండీ. పవర్‌ను బట్టి, కాయిల్ వేడిని బట్టి తప్పు మారుతుంది, మళ్లీ కొలవాల్సిందే.