రిపేరు అయ్యాక నేను వాయించే ఆ ట్యూన్ గురించి

విజయవాడ గవర్నర్‌పేటలో మా షాపుకి కీబోర్డులు, హార్మోనియాలు తెచ్చే అందరికీ నమస్కారం.

రిపేరు పూర్తయ్యాక, మెట్లన్నీ పలుకుతున్నాయని చూపించడానికి మీ ముందు కూర్చుని ఒక ట్యూన్ వాయిస్తాను కదా. "బాగుందండీ, ఏ సినిమాలోది?" అని చాలామంది అడిగారు. "ఏదో పాతదిలెండి" అని ఇన్నాళ్లూ మాట దాటేశాను. అది ఏ సినిమాలోదీ కాదు, నేను కట్టుకున్నది. అలాంటివి పియానోకి ఏడు ఉన్నాయి, కోయిర్ (కలిసి పాడే బృందం) పాడుకోవడానికి మూడు పాటలు ఉన్నాయి. ఈ నెల నుంచి వాటి ప్రింట్లు కౌంటర్ మీద పెడుతున్నాను. సంగీతం వచ్చినవాళ్లు ఎవరైనా ఊరికే తీసుకెళ్లచ్చు.

ఆ ట్యూన్ పుట్టింది వరదలప్పుడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. నీళ్లు తీశాక రోజూ కీబోర్డులు వచ్చేవి. మూత విప్పితే లోపల సన్నటి ఒండ్రు పొరలా అంటుకుని ఉండేది. కీబోర్డులో ఒక్కో మెట్టు కింద రబ్బరు పట్టీలో రెండు నల్లటి కార్బన్ చుక్కలుంటాయి. ఆ రెండూ తగలడానికి మధ్య పట్టే సమయాన్ని బట్టే మనం మెల్లగా నొక్కామా, గట్టిగా నొక్కామా అన్నది కీబోర్డుకి తెలుస్తుంది. ఒక్క చుక్కకి మట్టి పట్టినా ఆ మెట్టు పలకదు, లేదా ఉన్నట్టుండి అరుస్తుంది. అందుకే 61 మెట్లనూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడాలి. వరసగా నొక్కుకుంటూ పోతే విసుగొస్తుంది. ఎడమ చేతికి చిన్న కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి పలికించడం), కుడి చేతికి పైకెక్కే పాటలాంటిదొకటి కుదుర్చుకున్నాను. కొన్ని వారాలకి అది తనంతట తానే ఒక రూపానికి వచ్చింది. ఒక రాత్రి షట్టరు దించాక రాసి పెట్టుకున్నాను.

నాన్న హార్మోనియాలు బాగుచేసేవారు. రీడు (స్వరం పలికే ఇత్తడి రేకు) కొన దగ్గర గీస్తే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది, వెంట్రుకవాసి ఎక్కువైతే రీడే పోతుంది అని నా చేతికి గీకుడుపుల్ల ఇచ్చి నేర్పించారు. నాకు చెవి అలా వచ్చింది. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) పెళ్లయ్యాక నేర్చుకున్నాను. కాలేజీలో సంగీతం చదవలేదు కాబట్టి నేను రాసింది ఎవరికైనా చూపించాలంటే టెన్షన్ వచ్చేది. మొదటిసారి చూపించింది మా కస్టమరే అయిన ఒక వీణ టీచరుగారికి.

మోహన రాగంలో కట్టిన ముక్క అది. మోహన అంటే స రి గ ప ధ, మధ్యమం, నిషాదం ఉండవు. చివర్లో ముగింపు నిండుగా ఉండాలని పియానో పద్ధతిలో ఐదో స్వరం మీద మేజర్ కార్డ్ వేశాను. సి నుంచి మొదలుపెడితే అది జి మేజర్. అందులో బి ఉంటుంది. ఆవిడ కళ్లు మూసుకుని వింటున్నారు. అక్కడికి రాగానే కళ్లు తెరిచి, "ఆ నిషాదం ఎక్కణ్నుంచి వచ్చిందే అమ్మాయ్?" అన్నారు.

నాలుగు రోజులు దానితోనే పెనుగులాడాను. చివరికి ఆ బి తీసేసి జి, డి రెండే ఉంచాను. అంటే పంచమం, రిషభం. పియానో పరీక్షల్లో ఎనిమిదో గ్రేడు దాటిన ఒక కుర్రాడికి వినిపిస్తే, "ఆంటీ, ముగింపు ఖాళీగా ఉంది, ఇంకా ఏదో రావాలన్నట్టుంది" అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. అయినా నేను టీచరుగారి మాటే ఉంచుకున్నాను. రాగాన్ని నమ్ముకుని మొదలుపెట్టాక, చివరి బార్‌లో (బీట్ల లెక్కతో గీసుకునే ఒక్కో గడి) దాన్ని వదిలేయడం నాకు మనసొప్పలేదు. తెలుగులో పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే క్రైస్తవ కీర్తనలు మన రాగాల్లో కట్టారు. ఇక్కడి చర్చిల్లో పెద్దవాళ్లకి ఆ రాగాలు చెవిలో ఉన్నాయి. కార్డ్ ఎంత గొప్పదైనా రాగంలో లేని స్వరం వినపడితే వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

ఇంతకంటే పెద్ద పాఠం కోయిర్ పాటలో నేర్చుకున్నాను. ఆ వరదప్పుడే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వెళ్లాయి. ఆ రోజుల మీద కృష్ణా నది గురించి ఒక పాట రాశాను. పటమటలో ఒక కోయిర్‌వాళ్లు పాడి చూస్తామన్నారు. మొదటి మాట "నది". దాని "న" మీద రెండు బీట్లు పెట్టాను. ఇరవై మంది కలిసి పాడేసరికి అది "నాది" అయి కూర్చుంది. నది పొంగిందని నేను రాస్తే, నాది పొంగిందని వినిపిస్తోంది. బేస్ (మగవాళ్ల కింది గొంతు) పాడే ఒక పెద్దాయన ఆపించి, "అమ్మా, మన భాషలో హ్రస్వాన్ని సాగదీస్తే మాటే మారిపోతుంది, చూసుకో" అన్నారు. ఇప్పుడు "న"కి అర బీటే ఇచ్చి, సాగే స్వరాన్ని "ది" మీద పెట్టాను. "నదీ" అని వినిపించినా అర్థం చెడదు. పియానో దగ్గర ఒక్కదాన్నే కూర్చుని ఉంటే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) పాడే ఆడవాళ్లు ఇంకో మాట చెప్పారు. ఎనిమిది బార్లు వాళ్లకి ఒకే స్వరం ఇచ్చాను, "మాకు పాట ఏదండీ?" అన్నారు. అదీ మార్చాను. నాలుగు పార్టులుగా రాసిన పాటకి ఆ కోయిర్‌లో టెనర్లు (మగవాళ్ల పై గొంతు) ఇద్దరే ఉన్నారు. అందుకని సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు), ఆల్టో, మగవాళ్లకి కలిపి ఒకటి, ఇలా మూడు పార్టుల ప్రింటు కూడా చేశాను. స్టాఫ్ చదవడం రానివాళ్ల కోసం స్వరాల కింద తెలుగులో స రి గ మ రాశాను. ఏ పార్టుకి ఆ పార్టు విడిగా వాయించి రికార్డు చేసిన ఆడియో అడిగితే వాట్సాప్‌లో పంపిస్తాను.

వీటిని జిరాక్స్ తీసుకోండి, చర్చిలో, స్కూల్లో పాడించుకోండి, శ్రుతి తగ్గించుకోండి. డబ్బు అక్కర్లేదు. "ఎవరైనా కాజేస్తే?" అని మావాళ్లు భయపడుతున్నారు. మన చట్టంలో రాసిన క్షణం నుంచే దాని మీద హక్కు రాసినవాళ్లదే, రిజిస్టర్ చేయించకపోయినా సరే. పేజీ మీద నా పేరు ఉంచండి, రికార్డింగ్ చేసేటట్టయితే ఒక మాట చెప్పండి చాలు.

ఇక మీకు నేను చెప్పుకోవాల్సిన తప్పొకటి ఉంది. పోయిన డిసెంబరులో నాలుగు కీబోర్డులు చెప్పిన రోజుకి ఇవ్వలేకపోయాను. పార్టులు లేటయ్యాయని అప్పుడు చెప్పాను. అది సగమే నిజం. రాత్రుళ్లు ఈ పాటల మీద కూర్చుని, పొద్దున బల్ల మీద పనిని వెనక్కి నెట్టాను. ఒక చర్చివాళ్లు క్రిస్మస్ ఆరాధన మా షాపు డెమో కీబోర్డుతో జరుపుకోవాల్సి వచ్చింది. వాళ్లందరికీ క్షమాపణలు. ఆ నాలుగింటి రిపేరు డబ్బులు తిరిగి ఇచ్చేస్తున్నాను, వచ్చి తీసుకోండి. ఇకనుంచి డిసెంబరులో రోజుకి రెండు కంటే ఎక్కువ తీసుకోను. రాసుకునే పనికి శనివారం సాయంత్రం మాత్రమే. ఆ రోజు 5 గంటల తర్వాత రిపేర్లు తీసుకోవడం ఉండదు. మిగతా రోజుల టైమింగ్స్, రేట్లు ఎప్పటిలాగే.

షాపులో ఉన్న పాత అప్‌రైట్ పియానో ధర అడుగుతున్నవాళ్లకి: ప్రస్తుతానికి అమ్మడం లేదు. వానాకాలం తేమకి శ్రుతి ఎక్కుతుంది, ఎండల్లో దిగుతుంది, అయినా పలుకు మంచిది. శనివారాలు దాని చుట్టూనే కూర్చుంటాం. మీరు కట్టుకున్నవి ఉంటే మీరూ తీసుకురండి, సగం రాసినవైనా పర్వాలేదు. వాయించి చూద్దాం. పెన్సిల్ తెచ్చుకోండి, పెన్ను వద్దు.

నా మూడో పాటలో 17 నుంచి 24 దాకా బార్లలో ఆల్టో గీత ఖాళీగా ఉంటుంది. ప్రింటులో తప్పు కాదది. ఆరుసార్లు రాసి ఆరుసార్లు చెరిపేశాను, అక్కడ ఏం పాడాలో నాకు దొరకలేదు. మీకు దొరికితే అక్కడే రాసి పట్టుకురండి.