తొలి వేక్‌బోర్డు కొనేవారికి బైండింగులే ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో వేసవి జలక్రీడల గురించి మీ పత్రిక ప్రవాసుల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. పడవ వెనుక తాడు పట్టుకొని, రెండు పాదాలనూ ఒకే బోర్డుకు బిగించుకొని నీటి మీద జారే వేక్‌బోర్డింగును తెలుగు పాఠకులకు పరిచయం చేసినందుకు సంతోషం. అయితే కొత్తవారు ఏ బోర్డు కొనాలన్న ప్రశ్నకు వ్యాసం ధరలు, కంపెనీల పేర్లు మాత్రమే చెప్పి, పాదాలను పట్టి ఉంచే బైండింగుల సంగతిని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. మేముండే ఆస్టిన్ చుట్టుపక్కల లేక్ ట్రావిస్, లేక్ ఆస్టిన్‌ల మీద వేసవి వారాంతాల్లో మన కుటుంబాలు బాగానే కనిపిస్తున్నాయి. వారిలో చాలామంది మెరిసే బోర్డు మీద డబ్బు ఖర్చుపెట్టి, మిగిలిన దానితో చేతికందిన బైండింగులు తెచ్చుకుంటున్నారు. ఈ వరుస తిరగబడాలనీ, తొలి కొనుగోలులో బోర్డు మధ్యరకమైనా ఫర్వాలేదు గానీ బైండింగు మాత్రం పాదానికి సరిగ్గా అమరాలనీ నా అభిప్రాయం.

ఈ ఆట చరిత్ర కూడా అదే చెబుతుంది. శాన్ డియాగోకు చెందిన సర్ఫర్ టోనీ ఫిన్ 1985 ప్రాంతంలో స్కర్ఫర్ అనే బోర్డును తెచ్చినప్పుడు అది పడవ వెనుక నడిచే చిన్న సర్ఫ్‌బోర్డు మాత్రమే. దానికి పాదాల పట్టీలు తోడైన తరువాతే పడవ వెనుక లేచే అల మీద నుంచి గాలిలోకి లేచి, బోర్డుతో సహా దిగడం వీలైంది. నీటిలో మునిగీ తేలీ ఉండే పలుచని బోర్డును హెర్బ్ ఓబ్రయన్ హైపర్‌లైట్ పేరుతో 1990లో తెచ్చాక ఆట వేగం పుంజుకుంది.

కొనడానికి ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం, పడవ వెనుక ఆడతారా, కేబుల్ పార్కులో ఆడతారా అన్నది. జర్మనీకి చెందిన బ్రూనో రిక్సెన్ 1960లలో రూపొందించిన ఈ కేబుల్ పద్ధతిలో, స్తంభాల మీద తిరిగే తీగ ఆటగాళ్లను లాగుతుంది. పడవ ఖర్చు లేదు కనుక నేర్చుకునేవారికి ఇది చౌక మార్గం. కేబుల్ బోర్డులు కాస్త వంగేవిగా ఉంటాయి, జారి విన్యాసాలు చేయడానికి పార్కులో అమర్చిన రెయిళ్ల మీద రాసుకున్నా సులభంగా అరగని గట్టి అడుగు వాటికి ఉంటుంది, అడుగున చిన్న రెక్కల్లా ఉండే ఫిన్‌లు సాధారణంగా ఉండవు. పడవ బోర్డును అక్కడికి తీసుకువెళ్లి రెయిళ్ల మీద జారిస్తే దాని అడుగు త్వరగా పాడవుతుంది. ఏ వైపు వెళతారో ఇంకా తెలియనివారు కొనడం మానుకొని, అద్దె బోర్డుతోనే కొన్నాళ్లు గడపడం మేలు.

పడవ వెనుక ఆడదలచినవారు బోర్డు పొడవును ఎత్తును బట్టి కాక బరువును బట్టి ఎంచుకోవాలి. సుమారుగా 40 నుంచి 68 కిలోల వారికి 130–134 సెంటీమీటర్లు, 60 నుంచి 80 కిలోల వారికి 135–139, ఆపైన 110 కిలోల వరకు 140–144 సరిపోతాయి. కంపెనీ కంపెనీకి ఈ లెక్క కొంచెం మారుతుంది. పైగా ఇక్కడి అమెరికా పట్టికలు పౌండ్లలో ఉంటాయి కాబట్టి కిలోల అలవాటు ఉన్నవారు జాగ్రత్తగా చూసుకోవాలి. రెండు కొలతల మధ్య పడినవారు పెద్దదాన్నే తీసుకోవాలి, ఎందుకంటే పొడవూ వెడల్పూ ఉన్న బోర్డు నీటిలోంచి తేలికగా పైకి లేస్తుంది, తక్కువ వేగంలోనూ నిలకడగా ఉంటుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకే బోర్డును పంచుకుంటే అందరిలోకీ బరువైన వారి కొలతకు కొనడం పద్ధతి. చిన్నపిల్లలకు మాత్రం విడిగా వాళ్ల బోర్డే కావాలి. బోర్డు అడుగు వంపును రాకర్ అంటారు. ఒక కొన నుంచి ఇంకో కొనకు ఒకే వంపుగా సాగే కంటిన్యువస్ రాకర్ మెత్తగా, ఊహించినట్టుగా నడుస్తుంది కనుక నేర్చుకునేవారికి అదే తగినది. మధ్యలో చదునుగా ఉండి కొనల దగ్గర ఒక్కసారిగా పైకి లేచే త్రీ స్టేజ్ రాకర్ అల మీద నుంచి నిటారుగా ఎగరేస్తుంది, అది తరువాతి సంగతి. అంచులు గుండ్రంగా ఉంటే నీటిలో అంత సులభంగా దిగబడవు, అడుగున ఫిన్‌లు ఉంటే బోర్డు తిన్నగా పోతుంది. బోర్డు గురించి ఇంతకు మించి తలబద్దలు కొట్టుకోనక్కరలేదు.

ఇక బైండింగులు. మన ఇళ్లలో పిల్లలకు స్కూలు బూట్లు కొనేటప్పుడు పెరిగే కాలు కదా అని ఒక సైజు పెద్దవి తీసుకొని, ముందు భాగంలో దూది కూరడం అలవాటు. వేక్‌బోర్డు బైండింగుకు ఈ లెక్క పనికిరాదు. మంచు మీద ఆడే స్కీ బైండింగులు పడినప్పుడు స్ప్రింగు సడలి బూటును వదిలేసేలా ఉంటాయి. వేక్‌బోర్డువి అలా విడిపోయేవి కావు, బిగువు మీదే ఆధారపడి ఉంటాయి. బోర్డు అంచు నీటిలో దిగబడితే బోర్డు అక్కడికక్కడే ఆగుతుంది, మనిషి మాత్రం ముందుకు పోతాడు. అప్పుడు వదులుగా ఉన్న ఒక పాదం బయటికి వచ్చి, రెండోది లోపలే చిక్కుకుంటే, బోర్డు మొత్తం ఆ ఒక్క కాలినే మెలిపెడుతుంది. మోకాలూ చీలమండా దెబ్బతినేది ఇలాంటి చోటనే. రెండు పాదాలూ లోపల ఉండాలి, లేదా రెండూ కలిసి బయటికి రావాలి. అందుకే రెండు బైండింగులూ సమానంగా బిగించుకోవాలి.

బైండింగులలో వేళ్ల వైపు తెరిచి ఉండే ఓపెన్ టో, బూటులా మూసి ఉండే క్లోజ్డ్ టో అని రెండు రకాలు. ఓపెన్ టో ఒక్కటే వరసగా కొన్ని సైజుల పాదాలకు సరిపోతుంది, అన్నదమ్ములు మార్చి మార్చి వాడుకోవచ్చు, ధర కూడా సాధారణంగా తక్కువే. పెరిగే పిల్లల తల్లిదండ్రులు పెద్ద సైజు కొనకుండా ఆ సమస్యను తీర్చుకోగల మార్గం ఇదే. క్లోజ్డ్ టో పాదానికి ఖచ్చితంగా పట్టి, కాలి కదలికను బోర్డుకు వెంటనే అందిస్తుంది కాని, ఒక్కరికే పనికివస్తుంది, సైజు కాస్త తప్పినా భరించదు. మొదటి వేసవికి ఓపెన్ టో చాలు. దుకాణంలో మేజోళ్లు లేకుండా తొడిగి, మోకాళ్లు వంచి ముందుకు వాలి చూడాలి; మడమ పైకి లేవకూడదు, పాదం తిమ్మిరెక్కకూడదు, మూసిన రకమైతే వేళ్లు మడతపడకూడదు. లోపలి మెత్త వాడిన కొద్దీ కొంత వదులవుతుంది కనుక, కొత్తలో కాస్త బిగుతుగా అనిపించడంలో తప్పు లేదు. తొడగడం కష్టంగా ఉంటే లోపల కాస్త పలుచని సబ్బునీళ్లు పోస్తే సరి.

వీటిని బోర్డుకు అమర్చడంలో కూడా నిర్లక్ష్యం కనిపిస్తోంది. పాదాల మధ్య ఎడం భుజాల వెడల్పుకు సమంగానో కొంచెం ఎక్కువగానో ఉండాలి. కొత్తవారికి ముందు కాలు 15 నుంచి 18 డిగ్రీలు బోర్డు ముక్కు వైపు తిరిగి, వెనుక కాలు సున్నా డిగ్రీల దగ్గర, బోర్డు తోకకు కాస్త దగ్గరగా ఉండటం అనువు. ఏ కాలు ముందుండాలన్నది తేలకపోతే, చెప్పకుండా వెనుక నుంచి మెల్లగా తోసి, పడకుండా ఏ కాలు ముందుకు వేస్తారో చూడటం బోధకులు వాడే ఉపాయం. మరలను డ్రిల్లుతో కాక చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించాలి, నీటిలో దిగే ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి.

పాత సామాను కొనడం తప్పేమీ కాదు. మరలు దిగే రంధ్రాల చుట్టూ పగుళ్లు, అంచుల దగ్గర పొరలు విడిపోవడం లేని బోర్డు పాతదైనా దిగులు లేదు. నాకైతే అలాంటి పాత బోర్డుకు కొత్త బైండింగులు తగిలించుకోవడమే తెలివైన బేరం అనిపిస్తుంది. చాలా కంపెనీలు ఎం-6 అనే 6 మిల్లీమీటర్ల మరలనే వాడతాయి కాబట్టి ఒకరి బైండింగు ఇంకొకరి బోర్డుకు తరచుగా సరిపోతుంది. పట్టాల మీద జరిగే ప్రత్యేక అమరిక ఉన్న బోర్డులైతే ముందే కనుక్కోవాలి.

మీ వ్యాసంతో పాటు వేసిన ఫొటోలోని పలుచని జాకెట్టు గురించి కూడా ఒక మాట. వేక్‌బోర్డు దుకాణాల్లో కాంప్ వెస్ట్ పేరుతో అమ్మే వాటికి అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదం ఉండదు. ఈత రానివారు, నేర్చుకుంటున్నవారు లోపలి లేబుల్ మీద ఆ ఆమోదం ఉన్న లైఫ్ జాకెట్టునే తీసుకోవాలి. ఈ విషయం మళ్లీ రాసేటప్పుడు ధరల పట్టిక పక్కనే బరువుకు తగిన పొడవుల పట్టికను కిలోల్లో, బైండింగు సైజులతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఆస్టిన్, టెక్సస్